ఆటోఫోకస్ ఫిల్మ్ ఎస్‌ఎల్‌ఆర్‌ను సరిగ్గా వాడటం: కొనుగోలు నుంచి రీలు కడిగించేదాకా

నికాన్ ఎఫ్100, ఎఫ్5, కానన్ ఈఓఎస్-3, ఈఓఎస్-1వి, మినోల్టా డైనాక్స్ 7 వంటి ఆటోఫోకస్ ఫిల్మ్ ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలు (లెన్సులోంచి వచ్చే దృశ్యాన్నే అద్దం ద్వారా వ్యూఫైండర్‌లో చూపేవి) కొన్న పాఠకులు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. ఫోకస్, మీటరింగ్ (వెలుగును కొలవడం), ఫిల్మ్ జరపడం అన్నీ కెమెరాయే చూసుకుంటున్నప్పుడు, రీలు కడిగించాక సగం ఫొటోలు ఎందుకు పనికిరాకుండా పోతున్నాయన్నది ఆ ప్రశ్న.

డిజిటల్ కెమెరాలో సెట్టింగు తప్పితే మరుక్షణమే తెర మీద తెలిసిపోతుంది. ఫిల్మ్‌లో అదే తప్పు 36 ఫ్రేముల పొడవునా కొనసాగి, రీలు కడిగాక గానీ బయటపడదు. అందువల్ల ఈ కెమెరాలతో చేసే పనిలో ఎక్కువ భాగం షట్టర్ నొక్కకముందే పూర్తి కావాలి. కింది అంచెలను ఇచ్చిన వరుసలోనే పాటించండి. ముఖ్యంగా నాలుగో అంచెను, ఆరో అంచెను దాటవేయవద్దు.

## 1. కొనేముందు చేయవలసిన పరిశీలన

ఈ తరగతి కెమెరాల్లో చాలావరకు 1990ల మధ్య నుంచి 2000ల ఆరంభం వరకు వచ్చినవే కనుక, ఇప్పుడు దొరికేవన్నీ ఇంతకుముందు ఎవరో ఒకరు వాడినవే. చూడటానికి వెళ్లేటప్పుడు కొత్త బ్యాటరీలు, పనిచేస్తుందని తెలిసిన ఒక లెన్సు, చిన్న టార్చి, పనికిరాని పాత రీలు ఒకటి వెంట తీసుకెళ్లండి.

పరిశీలన ఈ వరుసలో సాగాలి.

- బ్యాటరీ గదిలో పచ్చని లేదా తెల్లని పొక్కు ఉందా? పైపైన ఉన్నదాన్ని తుడవవచ్చు. తీగల్లోకి పాకి ఉంటే ఆ కెమెరాను వదిలేయండి.
- వెనుక తలుపు తీసి షట్టర్ రేకులను వెలుగులో చూడండి. వేలితో ముట్టుకోవద్దు. రేకుల మీద నల్లని జిగురు మరక కనిపిస్తే లోపలి రబ్బరు మెత్త కరిగిందని అర్థం. 1980ల చివర, 1990ల ఆరంభంలో వచ్చిన కొన్ని ఈఓఎస్ బాడీల్లో ఇది తరచుగా కనిపించే లోపం.
- లెన్సు తీసి, మాన్యువల్ మోడ్‌లో, తలుపు తెరిచే ఉంచి, వెలుతురున్న గోడ వైపు చూపుతూ 1 సెకను, 1/30, 1/250, చివరగా 1/8000 వేగాల్లో నొక్కండి. అత్యధిక వేగంలో కూడా కంటికి ఒక మెరుపు కనబడాలి. చప్పుడు వచ్చి వెలుగు కనబడకపోతే షట్టర్ తెరుచుకోవడం లేదు.
- లెన్సు బిగించి, వ్యూఫైండర్‌లో కనిపించే ఒక్కొక్క ఫోకస్ బిందువును ఎంచుకుని, గీతలు స్పష్టంగా ఉన్న వస్తువు మీద పరీక్షించండి. మధ్య బిందువు ఒక్కటే చూసి ఊరుకోవద్దు.
- పాత రీలు ఎక్కించి, చివరిదాకా తీసి, వెనక్కి చుట్టించండి. మోటారు శబ్దం మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉండాలి.
- ఎల్‌సీడీలో అంకెలు విరిగాయా, సిరా ఒలికినట్టు నల్లని మచ్చ ఉందా చూడండి. డయల్ ఒక మెట్టు తిప్పితే విలువ ఒక మెట్టే మారాలి.
- లెన్సు లోపలికి టార్చి వేసి బూజు ఉందేమో చూడండి. సాలెగూడు వంటి సన్నని పోగులు కనబడితే అది బూజే.

కొన్ని బాడీల వెనుక తలుపు మీది రబ్బరు పూత కాలక్రమంలో జిగటగా మారుతుంది. ముట్టుకోవడానికి ఇబ్బందిగా ఉన్నా, దీనివల్ల కెమెరా పనితీరుకు లోటు లేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో, ఎల్‌సీడీకీ మీటలకూ తగలకుండా, ముందు ఒక మూల పరీక్షించుకుని, పూతను మొత్తంగా తీసేయవచ్చు. ఈ ఒక్క కారణంతో మంచి బాడీని కాదనుకోవద్దు. తలుపు గొళ్లెం విరిగి ఉంటే మాత్రం కొనవద్దు.

## 2. బ్యాటరీలు

ఎఫ్100కు నాలుగు ఏఏ, ఎఫ్5కు ఎనిమిది ఏఏ, ఈఓఎస్-3, ఈఓఎస్-1వి లకు ఒక 2సీఆర్5, డైనాక్స్ 7కు రెండు సీఆర్123ఏ అవసరం. బ్యాటరీ లేకుండా ఇవి ఒక్క ఫ్రేము కూడా తీయలేవు కనుక ఒక అదనపు సెట్టు సంచిలో ఎప్పుడూ ఉండాలి.

చలిలో ఆల్కలైన్ ఏఏలు త్వరగా నీరసిస్తాయి. లిథియం ఏఏలు నిలబడతాయి. కెమెరాను నెలకు మించి పక్కన పెడుతున్నప్పుడు బ్యాటరీలు తీసేయండి.

## 3. లెన్సు పొంతన

మౌంటుకు (కెమెరా మీద లెన్సు బిగించే చోటుకు) బిగిసినంత మాత్రాన లెన్సు పనిచేస్తుందని కాదు. నికాన్ ఎఫ్100, ఎఫ్5, ఎఫ్80 బాడీల మీద అపెర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) రింగు లేని జి రకం లెన్సులు పూర్తిగా పనిచేస్తాయి. ఎఫ్90ఎక్స్ మీద అవే లెన్సులతో అపెర్చర్ ప్రయారిటీ, మాన్యువల్ మోడ్‌లు వాడలేరు. విద్యుత్తుతో అపెర్చర్ కదిలే ఇ రకం లెన్సులు, ఏఎఫ్-పి లెన్సులు ఈ ఫిల్మ్ బాడీలకు పనికిరావు.

కానన్ ఈఓఎస్ ఫిల్మ్ బాడీలకు ఈఎఫ్ లెన్సులు సరిపోతాయి. ఈఎఫ్-ఎస్, ఆర్‌ఎఫ్ లెన్సులు బిగియవు. చిన్న సెన్సర్ కోసం చేసిన నికాన్ డీఎక్స్ లెన్సులు, మినోల్టా బాడీలకు బిగిసే సోనీ డీటీ లెన్సులు బిగిసినా ఫ్రేము మూలలు నల్లబడతాయి.

మొదటి లెన్సుగా 50 మి.మీ. ఎఫ్/1.8 తీసుకోండి. కింద చెప్పబోయే పరీక్షలకు ఎఫ్/2 వరకు తెరుచుకునే లెన్సు కావాలి, పైగా దాని ప్రకాశంలో ఆటోఫోకస్ బాగా పనిచేస్తుంది.

## 4. పాత సెట్టింగులను చెరిపివేయడం

ఒక వాడిన బాడీ కొన్న కొత్తలో నేను దానిలో 100 ఐఎస్‌ఓ (ఫిల్మ్ వెలుగును ఎంత త్వరగా పట్టుకుంటుందో చెప్పే అంకె) స్లైడ్ రీలు, అంటే నెగెటివ్ కాకుండా నేరుగా అసలు రంగుల బొమ్మనే ఇచ్చే రీలు, వేసి, రెండు రోజులు ఎంతో శ్రద్ధగా ఫొటోలు తీశాను. కడిగించి తెచ్చిన పట్టీని కిటికీ వెలుగుకు పట్టి చూస్తే అంతా నలుపే; ఆకాశం ఉన్న చోట మాత్రం ముదురు నీలం చారలు. అంతకుముందు వాడినవారు ఐఎస్‌ఓను చేత్తో 1600 వద్ద నిలిపి ఉంచారు. సరిగ్గా నాలుగు స్టాపులు తక్కువ వెలుగు పడింది (ఒక్కో స్టాపు తగ్గితే వెలుగు సగమవుతుంది). ఎల్‌సీడీలో ఆ అంకె ఎక్కడ కనిపిస్తుందో కూడా నేను అప్పటికి తెలుసుకోలేదు.

ఈ కెమెరాలు బ్యాటరీ తీసినా సెట్టింగులను మరచిపోవు. అందుకే కొన్న రోజే, రీలు లేకుండా, కింది పని చేయాలి.

1. కెమెరా వాడుక పుస్తకంలో (మాన్యువల్‌లో) చెప్పిన రీసెట్ చేయండి. ఎఫ్100లో ఆకుపచ్చ చుక్క ఉన్న రెండు మీటలను రెండు సెకన్లకు పైగా కలిపి పట్టుకోవాలి.
2. రీసెట్‌తో అన్నీ పోయాయని నమ్మవద్దు. కస్టమ్ ఫంక్షన్లను (కెమెరా తీరును మార్చే అదనపు సెట్టింగులను) ఒక్కొక్కటిగా తెరిచి, అన్నిటినీ మాన్యువల్‌లో ఇచ్చిన అసలు విలువలకు తీసుకురండి.
3. ఐఎస్‌ఓను డీఎక్స్ వద్ద పెట్టండి. ఇది పైన చెప్పిన డీఎక్స్ లెన్సు రకం కాదు; డబ్బీ మీది గళ్లను చదివి ఐఎస్‌ఓను కెమెరాయే పెట్టుకునే పద్ధతి.
4. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (మీటరు చెప్పిన వెలుగును కావాలని పెంచడం, తగ్గించడం), ఫ్లాష్ కాంపెన్సేషన్, ఆటో బ్రాకెటింగ్ (ఒకే దృశ్యాన్ని వేర్వేరు వెలుగుల్లో వరసగా తీయడం) మూడూ సున్నా వద్ద, ఆఫ్‌లో ఉన్నాయో లేదో చూడండి.
5. వ్యూఫైండర్ పక్కనున్న డయాప్టర్‌ను మీ కంటికి సరిచేసుకోండి. దృశ్యాన్ని చూస్తూ కాదు, ఫోకస్ తెర మీది గీతలు పదునుగా కనిపించేదాకా తిప్పాలి.

ఆపైన మీకు కావలసిన మార్పులు రెండో మూడో మాత్రమే చేసి, ఏవి మార్చారో ఒక కాగితం మీద రాసి సంచిలో ఉంచుకోండి.

## 5. రీలు ఎక్కించడం

1. డబ్బీ కనిపించే కిటికీలోంచి చూసి, లోపల రీలు లేదని నిర్ధారించుకున్నాకే తలుపు తీయండి.
2. నీడలోకి వెళ్లండి. ఎండలో తప్పకపోతే వీపు ఎండకు పెట్టి, మీ నీడలోనే ఆ పని చేయండి.
3. డబ్బీని గదిలో కూర్చోబెట్టండి. డబ్బీ మీది నలుపు-వెండి గళ్లు గదిలోని డీఎక్స్ మొనలకు తాకాలి. ఆ మొనలను అప్పుడప్పుడు పొడి గుడ్డతో తుడవండి.
4. ఫిల్మ్ కొసను గుర్తు వరకు మాత్రమే లాగండి. ఎక్కువ లాగితే మిగిలినది ఉబ్బి, మోటారు పట్టుకోదు; డబ్బీ గుబ్బ తిప్పి ఆ వదులును లోపలికి చుట్టండి.
5. ఫిల్మ్ చదునుగా, చిల్లులు పళ్ల మీద కూర్చున్నాక తలుపు మూయండి. ఈ పనిలో వేలు షట్టర్ రేకుల దరికి కూడా పోకూడదు.
6. కౌంటర్ 1 చూపితే రీలు పట్టుకున్నట్టు. నికాన్‌లో ఇ (E) అక్షరం మిణుకుమంటే పట్టుకోలేదు. తెరిచి మళ్లీ ఎక్కించండి.
7. ఎల్‌సీడీలోని ఐఎస్‌ఓను డబ్బీ మీది అంకెతో పోల్చండి.

డీఎక్స్ గళ్లు లేని, చేత్తో చుట్టిన డబ్బీలు వేసినప్పుడు కొన్ని కెమెరాలు దోషమని చూపుతాయి, కొన్ని 100 అని అనుకుని సాగిపోతాయి. అటువంటి రీలుకు ఐఎస్‌ఓను మీరే పెట్టి, ఆ రీలు అయిపోగానే తిరిగి డీఎక్స్‌కు మార్చాలి.

ఇన్‌ఫ్రారెడ్ ఫిల్మ్ వేసేముందు మాన్యువల్ చూడండి. కొన్ని బాడీలు చిల్లులను లెక్కపెట్టడానికి లోపల ఇన్‌ఫ్రారెడ్ కాంతినే వాడతాయి; ఆ కాంతి ఫిల్మ్ అంచును పాడుచేస్తుంది.

## 6. మొదటి రీలు పరీక్షకే

మొదటి రీలుతో పెళ్లికో ప్రయాణానికో వెళ్లవద్దు. ఒక 100 ఐఎస్‌ఓ రీలును పరీక్షకు కేటాయిస్తే, ఆ తర్వాత ఏళ్ల తరబడి కెమెరా మీద అనుమానం లేకుండా పనిచేయవచ్చు. మీటరింగ్‌ను నిక్కచ్చిగా తేల్చేది స్లైడ్ ఫిల్మ్. అది దొరకకపోతే నెగెటివ్ వాడి, ప్రింట్లను కాకుండా నెగెటివ్‌నే చూడాలి. ప్రింటు వేసేటప్పుడు, స్కాన్ చేసేటప్పుడు ల్యాబు వెలుగు హెచ్చుతగ్గులను సరిచేస్తుంది కనుక కెమెరా తప్పు అందులో దాగిపోతుంది.

ఫ్రేములు 1–7: షట్టర్. ఎండ నిలకడగా పడుతున్న సాదా గోడ ముందు, ట్రైపాడ్ మీద, మాన్యువల్ మోడ్‌లో 1/125 ఎఫ్/16, 1/250 ఎఫ్/11, 1/500 ఎఫ్/8, 1/1000 ఎఫ్/5.6, 1/2000 ఎఫ్/4, 1/4000 ఎఫ్/2.8, 1/8000 ఎఫ్/2 తీయండి. అన్నింటిలో ఫిల్మ్ మీద పడే వెలుగు ఒకటే కనుక ఫ్రేము మధ్యభాగం ఏడింటిలోనూ ఒకే చిక్కదనంలో ఉండాలి. ఈ కెమెరాల షట్టర్ నిలువుగా కదులుతుంది; వేగం పెరిగినకొద్దీ ఫ్రేము పై అంచుకూ కింది అంచుకూ తేడా వస్తుంటే రెండు తెరలు ఒకే వేగంతో నడవడం లేదని అర్థం. నాలుగు మూలలూ సమానంగా నల్లబడితే అది విశాలంగా తెరిచిన లెన్సు లక్షణం.

ఫ్రేములు 8–13: మీటరింగ్. ముందుగా మంచి ఎండలో, నేరుగా వెలుగు పడుతున్న మామూలు దృశ్యం మీద మీటరు ఏం చెబుతుందో చూడండి. ఐఎస్‌ఓ 100 వద్ద 1/125, ఎఫ్/16 దరిదాపుల్లో చెప్పాలి. ఒక స్టాపుకు మించి తేడా ఉంటే అనుమానించండి. ఆ దృశ్యాన్నే మ్యాట్రిక్స్ మీటరింగ్‌తో (ఫ్రేము అంతటినీ కొలిచేది) −1, 0, +1 కాంపెన్సేషన్ వద్ద, తర్వాత స్పాట్ మీటరింగ్‌తో (చిన్న భాగాన్నే కొలిచేది) అవే మూడు తీయండి.

ఫ్రేములు 14–23: ఫోకస్. బల్ల మీద ఐదు పుస్తకాలను ఒకదాని వెనుక ఒకటి, సమాన దూరంలో, పక్కకు జరుపుతూ నిలబెట్టండి. లెన్సును పూర్తిగా తెరిచి, మూడో పుస్తకం అట్ట మీది అక్షరాలకు ఫోకస్ చేసి, ఒక్కో బిందువుతో రెండేసి ఫ్రేములు తీయండి. 45 బిందువుల బాడీ అయితే మధ్యది, నాలుగు దిక్కుల చివరివి చాలు. ప్రతిసారీ రెండో పుస్తకమో నాలుగోదో పదునుగా వస్తుంటే ఫోకస్ సరిచేయించాలి. ఒక్క లెన్సుతోనే అలా వస్తే తప్పు లెన్సుది.

ఫ్రేములు 24–26: ఫ్లాష్. సింక్ వేగం వద్ద, అంటే ఫ్లాష్ వెలిగేటప్పుడు షట్టర్ పూర్తిగా తెరిచి ఉండే అత్యధిక వేగం వద్ద తీయండి. ఎఫ్100లో అది 1/250, ఈఓఎస్-3లో 1/200. ఫ్రేములో ఒక అడ్డపట్టీ చీకటిగా వస్తే సింక్ తప్పింది.

ఫ్రేము 27: వెలుగు చొరబాటు. ఈ ఫ్రేము తీసి, కెమెరాను వెనుక తలుపు ఎండ వైపు ఉండేలా ఐదు నిమిషాలు ఉంచండి. నెగెటివ్‌లో ఈ ఫ్రేము మీదుగా గానీ దాని తర్వాతి ఫ్రేము మీదుగా గానీ నల్లని చార, స్లైడ్‌లో లేత లేదా ఎర్రని చార కనబడితే స్పాంజి పట్టీలు మార్పించాలి.

మిగిలిన ఫ్రేములలో మీకు నచ్చినవి తీసుకోండి. ప్రతి ఫ్రేముకూ అంకె, వేగం, అపెర్చర్, బిందువు రాసిపెట్టుకోకపోతే ఈ రీలంతా వృథా.

కడిగిన నెగెటివ్‌ను చూడటానికి ఒక తేలిక పద్ధతి ఉంది. అంచున తయారీలోనే పడిన అంకెలను, అక్షరాలను ముందు చూడండి. అవి ముదురుగా ఉండి ఫ్రేములు పలచగా ఉంటే కెమెరా తక్కువ వెలుగు ఇచ్చింది. అవి కూడా పలచగానే ఉంటే కడగడంలో లోపం. అవి చక్కగా ఉండి ఫ్రేములు అసలే లేకపోతే, రీలు కదలలేదు లేదా షట్టర్ తెరుచుకోలేదు.

## 7. ఫోకస్‌ను మీ అదుపులో పెట్టుకోవడం

కెమెరాకే బిందువు ఎంపిక వదిలేస్తే అది తరచుగా దగ్గరి వస్తువునో, గీతలు ఎక్కువ ఉన్నదాన్నో పట్టుకుంటుంది. మనిషి ముందు కొమ్మ ఉంటే కొమ్మే పదునుగా వస్తుంది. అందుకని ఒకే బిందువును మీరే ఎంచుకునే పద్ధతిని మొదటి రోజు నుంచీ అలవాటు చేసుకోండి.

నిలకడగా ఉన్నవాటికి సింగిల్ మోడ్ వాడండి; ఫోకస్ కుదిరాకే షట్టర్ పడుతుంది. కదిలేవాటికి కంటిన్యువస్ మోడ్ వాడండి. ఇందులో చాలా బాడీలు ఫోకస్ కుదరకపోయినా షట్టర్‌ను ఆపవు. ఈ తేడా తెలియక కంటిన్యువస్‌లో ఫోకస్ చేసి ఫ్రేము మార్చుకునేవారికి ఫోకస్ కొత్త చోటికి జరిగిపోతుంది.

మధ్య బిందువుతో ఫోకస్ లాక్ చేసి కెమెరాను తిప్పడంలోనూ ఒక చిక్కుంది. 85 మి.మీ. లెన్సు, ఎఫ్/1.8, మనిషి మీటరున్నర దూరంలో ఉన్నాడనుకోండి. కంటి మీద లాక్ చేసి 10 డిగ్రీలు తిప్పితే, పదును తలం కంటికి సుమారు రెండు సెంటీమీటర్లు వెనక్కి పోతుంది. అక్కడ పదునుగా వచ్చే మందం మొత్తం మూడు సెంటీమీటర్ల చిల్లర మాత్రమే. కన్ను మసకై చెవి పదునుగా వచ్చిన ఫొటోలకు మూలం చాలాసార్లు ఇదే. విశాలంగా తెరిచినప్పుడు కంటికి దగ్గరగా ఉన్న బిందువునే ఎంచుకోండి.

ఏఎఫ్-ఆన్ మీట (ఫోకస్ కోసమే వెనుక ఉండే మీట) ఉన్న బాడీలలో, లేదా కస్టమ్ ఫంక్షన్‌తో ఆ పనిని వెనుక మీటకు మార్చగలిగే బాడీలలో, ఫోకస్‌ను షట్టర్ మీట నుంచి విడదీయమని నా గట్టి సలహా. బొటనవేలితో ఫోకస్, చూపుడువేలితో షట్టర్ అయ్యాక, పైన చెప్పిన రెండు మోడ్‌ల మధ్య మారవలసిన అవసరం దాదాపుగా పోతుంది. అలవాటుకు రెండు రీళ్లు పడుతుంది.

గీతలు లేని గోడ, పొగమంచు, జాలీ కంచె వెనుక వస్తువు, బాగా చీకటి: వీటి ముందు ఆటోఫోకస్ తడబడుతుంది. అదే దూరంలో అంచు స్పష్టంగా ఉన్న మరో వస్తువు మీద ఫోకస్ చేసుకోవచ్చు, లేదా చేత్తో తిప్పుకోవచ్చు. చాలా బాడీల్లో ఎఫ్/5.6 కన్నా చీకటి లెన్సుతో ఆటోఫోకస్ నమ్మకంగా ఉండదు; ఈఓఎస్-3, ఈఓఎస్-1వి మధ్య బిందువు ఎఫ్/8 వరకు పనిచేస్తుంది.

## 8. మీటరింగ్

మామూలు వెలుగులో మ్యాట్రిక్స్ లేదా ఎవాల్యుయేటివ్ మీటరింగ్ చాలు. వెనుక నుంచి వెలుగు పడినప్పుడు, వేదిక మీది దీపాల కింద స్పాట్ వాడండి. ఎఫ్100లో అది ఫ్రేములో సుమారు 1 శాతం, ఈఓఎస్-3లో 2.4 శాతం భాగాన్నే కొలుస్తుంది.

మీటరు దేన్ని చూసినా మధ్యస్థ బూడిద రంగుగా మార్చడానికే చూస్తుంది. తెల్లటి దానితో ఫ్రేము నిండితే +1 నుంచి +1.5, నల్లటి దానితో నిండితే −1 ఇవ్వండి.

నెగెటివ్ ఫిల్మ్‌కు వెలుగు ఒక స్టాపు ఎక్కువైనా నష్టం లేదు, తక్కువైతే నీడలు పోతాయి. సందేహం వస్తే ఎక్కువ వైపు మొగ్గండి. స్లైడ్‌కు ఇది తలకిందులు: వెలుగు చోట్లు ఒకసారి తెల్లబడితే తిరిగి రావు.

## 9. తరచుగా జరిగే తప్పులు, వాటి సవరణ

- ట్రైపాడ్ మీద ఫొటోలు వెలుగు తగ్గి వస్తున్నాయి. కన్ను పెట్టనప్పుడు వ్యూఫైండర్ వెనుక నుంచి వెలుగు చొరబడి మీటరును మోసగిస్తుంది. ఐపీస్ మూత వేయండి.
- మధ్యలో బ్యాటరీ అయిపోయింది. తలుపు తీయవద్దు. కొత్త బ్యాటరీలు వేస్తే ఆగిన చోటి నుంచి సాగుతుంది.
- మోటారు రీలు మధ్యలో ఆగి వెనక్కి చుట్టడం లేదు. ముందు బ్యాటరీలు మార్చి చూడండి. అప్పటికీ కదలకపోతే చీకటి సంచిలో తలుపు తీసి, ఫిల్మ్‌ను చేత్తో డబ్బీలోకి చుట్టండి.
- ఫ్రేముల మీద చెట్టు కొమ్మల్లాంటి సన్నని మెరుపు గీతలు. చలి, పొడి గాలిలో వేగంగా ఫిల్మ్ జరిగితే స్థిర విద్యుత్తు పుడుతుంది. సింగిల్ ఫ్రేము మోడ్, నెమ్మది రివైండ్ వాడండి.
- రీలు ఉందని మరచి తలుపు తీశారు. వెంటనే మూసేయండి. చుట్టలో లోపలి పొరల్లో ఉన్న ఫ్రేములు కొన్ని బతకవచ్చు.

## 10. రీలు తీశాక

వెనక్కి చుట్టే మోటారు పూర్తిగా ఆగాకే తలుపు తీయండి. కొన్ని బాడీల్లో ఫిల్మ్ కొసను బయట వదిలే కస్టమ్ ఫంక్షన్ ఉంటుంది. దాన్ని వాడితే తీసిన రీలును కొత్తదని మళ్లీ ఎక్కించే ప్రమాదం ఉంది కనుక కొసను మడిచి గుర్తు పెట్టండి.

డబ్బీ మీద తేదీ, వాడిన ఐఎస్‌ఓ రాయండి. 400 రీలును 1600గా వాడితే కడిగేవారికి ఆ మాట చెప్పి తీరాలి. విమాన ప్రయాణంలో రీళ్లను చెక్-ఇన్ సామాన్లలో వేయవద్దు. కొత్త సీటీ స్కానర్లు ఫిల్మ్‌ను మసకబారుస్తాయి కనుక చేత్తో తనిఖీ చేయమని అడగండి.

ఫ్రిజ్‌లో దాచిన రీలును మూసి ఉన్న డబ్బాతోనే బయటపెట్టి, గది వేడికి వచ్చేదాకా కొన్ని గంటలు ఆగండి. లేకపోతే ఫిల్మ్ మీద చెమ్మ పడుతుంది. కెమెరాను, లెన్సులను గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్‌తో ఉంచండి. నెలకొకసారి బయటికి తీసి, బ్యాటరీలు వేసి, అన్ని వేగాల్లోనూ పదేసిసార్లు షట్టర్ నొక్కి, లెన్సును ఈ చివర నుంచి ఆ చివరకు ఫోకస్ చేయించి, బ్యాటరీలు తీసి మళ్లీ లోపల పెట్టండి.